ఆరు కిలోల రంపం

కొండ కంచె పనిలో కొత్తగా చేరినవాళ్ళు ముగ్గురు మొన్న మా ఇంటికి వచ్చారు. దూరం మోసుకుపోవడానికి తేలికైన మోటారు రంపం ఏది కొనమంటావని అడిగారు. బరువెంతో కాగితంలో చదవద్దు, అన్నీ నింపి ఎత్తి చూడండి అన్నాను. ఆ జవాబు వాళ్ళకు చాలలేదు. ముసలాయనకు మతి తగ్గిందన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

అందుకని ఇది రాస్తున్నాను. ఆ ఒక్క ముక్క నేను నేర్చుకోవడానికి ఒక మనిషికి పని పోయింది. పోయింది నా పనే అయి ఉంటే నాకు ఇంతగా గుర్తుండేది కాదు.

నేను అక్షరాలు దిద్దింది ముప్పై ఎనిమిదో ఏట. అందువల్ల నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. పొడుగు వాక్యం మొదలుపెడితే దానికి చివర ఉంటుందో లేదోనని ఇప్పటికీ భయం.

కంచె అంటే నడక

తిరుపతికీ చిత్తూరుకూ మధ్య, ఒక కొండ అంచున సర్కారు తోట ఉండేది. దాని చుట్టూ పన్నెండు మైళ్ళ ముళ్ళకంచె. రాతి కూసాలు, నాలుగు వరసల తీగ. అడవి పందులు కిందికి దిగి ఊళ్ళ చెనక్కాయ చేలలో పడకూడదు. ఊళ్ళ ఆవులు పైకి ఎక్కి తోటలో మొక్కలు మేయకూడదు. రెండు పక్కలా ఆపేవాళ్ళం కాబట్టి రెండు పక్కలకూ మేమంటే గిట్టేది కాదు. పందులు పైకి చెప్పేవి కావు. ఆవుల వాళ్ళు చెప్పేవాళ్ళు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు తీగ బిగించడమే పని అనుకుంటారు. తీగ బిగించడం గంట పని, అక్కడికి చేరడం నాలుగు గంటల పని. గాలివాన కొట్టిన మరుసటి రోజు ఎక్కడో ఒకచోట ఒక చండ్రమానో నల్లమద్దో కంచె మీద పడి ఉంటుంది. దాన్ని కోసి పక్కకు దొర్లిస్తే గానీ తీగ పైకి లేవదు. బండి దారి లేదు. గాడిద కూడా మొరాయించే చోట్లు ఉన్నాయి. గాడిదకు ఆ సౌకర్యం ఉంది, మాకు లేదు.

మాకు అంటే నాకూ చెంగల్రాయుడికీ. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇద్దరు చెరొక కొస పట్టుకుని లాగే పెద్ద చేతి రంపం మాది. పద్దెనిమిదేళ్ళు ఒక కొసన ఆయన, ఒక కొసన నేను. ఆ రంపాన్ని లాగాలే తప్ప తొయ్యకూడదు. అవతలివాడు లాగేటప్పుడు మనం చెయ్యి వదులు చెయ్యాలి. ఇది తెలియనివాడు పొద్దంతా తోసి, సాయంత్రానికి అవతలివాడితో తగువు పెట్టుకుంటాడు. చెంగల్రాయుడితో రంపం దగ్గర నాకు ఏనాడూ తగువు రాలేదు. మిగతా అన్ని చోట్లా వచ్చింది. ఆయన చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దుడుకు.

ఇద్దరం రోజుకూలి మీదే ఉన్నాం. మస్టర్లో, అంటే కూలీల హాజరు పుస్తకంలో, పేరు ఉంటే పని ఉన్నట్టు. లేకపోతే లేనట్టు.

అచ్చు మీద నమ్మకం

మా ఊరి బడి వసారాలో పెద్దవాళ్ళకు సాయంత్రం చదువు పెట్టారు. నేను పోయాను. చెంగల్రాయుడు రాలేదు. "ఈ వయసులో పలక పట్టుకుని పోతే నా మనవరాలు నవ్వతాది" అన్నాడు. ఆయన మనవరాలికి అప్పటికి ఇంకా మాటలు రాలేదు.

ఎవరి సాయమూ లేకుండా నేను మొదట చదివింది బస్సులోంచి కనబడిన బోర్డు. పూ, త, ల, ప, ట్టు. ఇరవై ఏళ్ళుగా అక్కడ దిగుతూనే ఉన్నాను. కానీ అది పూతలపట్టే అని బోర్డు చెప్పాక నాకు నమ్మకం కుదిరింది.

చిన్నప్పుడే బడికి పోయినవాళ్ళకు అచ్చులో అబద్ధాలు కూడా వేస్తారని తొందరగానే తెలిసిపోతుంది. నాకు అచ్చు కొత్త. మందు సీసా మీది కాగితం, సబ్బు మీది కాగితం, గోడ మీది ఎన్నికల రాతలు, అన్నీ చదివేవాణ్ణి. చదివినదంతా నమ్మేవాణ్ణి. చెంగల్రాయుడు కొండ మీద నన్ను బతకనిచ్చేవాడు కాదు.

"ఏమప్పా పంతులూ, ఈ మాను మింద ఏం రాసుండాది సూడు. యాడ కొయ్యాలనా?"

కాగితంలో మిగిలిన చోటు

అప్పట్లో మాకు కొత్త ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఒక్కరోజూ ఎవర్నీ తూలనాడలేదు. కంచెను మాత్రం జీపులోంచి చూసేవాడు. జీపు దారి కంచెను ఆనుకుని పోయేది అర మైలు. ఆ అర మైలును మేము పెళ్ళికొడుకులా ఉంచేవాళ్ళం. పన్నెండు మైళ్ళూ అట్లాగే ఉందని ఆయన అనుకున్నాడంటే తప్పు ఆయన ఒక్కడిదే కాదు.

కొండ మీదికి మోటారు రంపం కొనాలని పైనుంచి మాట వచ్చింది. మద్రాసు నుంచి ఒక అమ్మకందారు రెండు రంపాలూ, వాటి బొమ్మలు అచ్చువేసిన కాగితాలూ తెచ్చాడు. ఆఫీసు వాకిట్లో రెండు ఇటుకల మీద ఎండిన నీలగిరి దుంగ ఒకటి పెట్టారు. మా కొండ మీద ఎండిన దుంగ ఎప్పుడూ ఇటుకల మీద పడి ఉండదు. ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు.

మొదటిది పెద్ద రంపం. ఒట్టిదే పదమూడు కిలోలు. అది మొదలయ్యేసరికి ఆఫీసు పెంకులు అదిరాయి, గుమాస్తా చెవులు మూసుకున్నాడు. ఆఫీసరుకు అది నచ్చింది. రెండోది చిన్నది, చూడటానికి ఆటబొమ్మలా ఉంది. దాంతో దుంగ చివర ఒక బిళ్ళ కోసి, ఆపి, ముందుండే ఇనప పలకా, దాని చుట్టూ తిరిగే గొలుసూ విప్పేసి, అమ్మకందారు ఒంటిచేత్తో తల పైకి ఎత్తి చూపించాడు.

"చూడండి సార్, ఆరే కిలోలు! ఇంట్లో అమ్మగారు కూడా ఎత్తొచ్చు."

ఆఫీసరు నవ్వి, "అట్లయితే ఒక మనిషి చాలు గదా. రెండో మనిషెందుకు?" అన్నాడు. చెంగల్రాయుడు ఆయన కుర్చీకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆఫీసరుకు అది కనబడలేదు. ఆయన మాట్లాడుతున్నది రంపం గురించి.

తర్వాత సైకిళ్ళ దగ్గర చెంగల్రాయుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మునిరత్నం, పెద్దది కావాలని సెప్పు."

"నీకేమన్నా పిచ్చానా అన్నా? పదమూడు కిలోలు. కొండెక్కే లోపల నడుము ఇరుగుతాది."

"నడుము ఇరిగితే కట్టు కట్టిచ్చుకోవచ్చు. మస్టర్లో పేరు పోతే యాడ కట్టిచ్చేది?"

"చిన్నది మంచిదన్నా. ఆరు కిలోలని కాగితంలోనే ఉండాది. నేనే సదివినా."

"సదివినావు సరే. ఎత్తి సూసినావా?"

"ఆ మద్రాసాయన ఎత్తినాడు గదా."

"ఆయప్ప సొక్కా మడత కూడా నలగలా. ఆయప్ప కొండెక్కేవాడా?"

నేను ఎత్తి చూడలేదు. పద్దెనిమిదేళ్ళు ప్రతి కూసాన్నీ, ప్రతి తీగ చుట్టనూ చేత్తో ఎత్తి బరువు చెప్పినవాణ్ణి, ఆ రోజు చదివి చెప్పాను. రంపం బొమ్మ పక్కన 6 అని పెద్దగా వేసి ఉంది. దాని కింద ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాలు ఒక వరస ఉన్నాయి. గుమాస్తాను అడిగి ఉంటే అవేమిటో చదివి చెప్పేవాడు. అడిగితే చదువు రాదని తెలిసిపోతుందని అడగలేదు.

"మునిరత్నం, చదువుకున్నావంట గదా. కొండెక్కేది నువ్వే. ఏది మంచిదో రాసివ్వు" అన్నాడు ఆఫీసరు.

నన్ను ఒకరు రాసివ్వమనడం అదే మొదటిసారి. వేలిముద్ర వెయ్యడానికి తప్ప ఆ ఆఫీసులో నేను మేజా దగ్గరికి పోయింది లేదు. గంటసేపు రాశాను. చిన్న రంపం మంచిది. బరువు ఆరు కిలోలు. ఒక మనిషి చాలు. ఇట్లు, మునిరత్నం.

మూడో వాక్యం నన్నెవరూ అడగలేదు. కాగితంలో ఇంకా చోటు మిగిలింది, రాశాను. ఆఫీసరు అన్న మాటే గదా, ఆయనకు నచ్చుతుందని కూడా అనుకున్నాను.

నచ్చింది. రంపం వచ్చిన వారంలోనే చెంగల్రాయుడి పేరు మస్టర్లోంచి తీసేశారు. నా కాగితం చూపించి మరీ తీసేశారు. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "మంచి అచ్చరాలప్పా నీవి. గుండ్రంగా ఉండాయి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్లు నాకు అలవాటే.

విభూతి

రంపం వచ్చింది ఆయుధపూజ రోజుల్లో. మా వాచ్‌మన్ దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, గాలి పీల్చే జాలీ మీద మూడు వేళ్ళతో విభూతి దట్టంగా పట్టించాడు. లారీ చక్రాల కింద పెట్టినట్టు దాని గొలుసు కింద కూడా నిమ్మకాయ పెట్టాలన్నాడు. పెట్టి, తాడు లాగాం. నిమ్మకాయ ఎగిరి గుమాస్తా చొక్కా మీద పడింది. రంపం నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

మూడు రోజులు అది లేవలేదు. తిరుపతి నుంచి వచ్చిన మెకానిక్కు జాలీ విప్పి, గుప్పెడు విభూతి అరచేతిలో పోసి చూపించాడు. "దీన్ని ఎవరు సార్ పీల్చమన్నారు?" అన్నాడు. ఈ తప్పు మీరూ చేస్తారు. చెయ్యద్దని చెప్పను, పండగ పండగే. బొట్టు పిడి మీద పెట్టండి.

ఒక మనిషి

కార్తీకంలో గాలివాన కొట్టింది. ఏడో మైలు దగ్గర మద్దిమాను కంచె మీద పడిందని కబురు వచ్చింది. కంచె కింద, దిగువ ఊరి మునెమ్మ చెనక్కాయ చేను, పీకడానికి సిద్ధంగా ఉంది. ఆమెకు ఉండేది ఆ ఒక్క ఎకరమే.

నేను ఒక్కణ్ణే బయలుదేరాను. రంపం, పలక, గొలుసు. పెట్రోలు డబ్బా. గొలుసుకు పోసే నూనె డబ్బా. గొడ్డలి, కత్తి, కోతలో కొట్టే కొయ్య చీలలు. ఆకురాయి, పట్టుకారు, తీగ చుట్ట. సంగటి మూట. రెండో మైలు దాటేసరికి, అచ్చువేసిన ఆరు మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. నాలుగో మైలు దగ్గర సగం దించి, సగం మోసి, మళ్ళీ వెనక్కి వచ్చి మిగతా సగం మోశాను. అంటే నేను నడిచింది ఏడు మైళ్ళు కాదు. ఎంతో లెక్క పెట్టడానికి ఊపిరి లేదు.

దప్పికైంది. చూస్తే నీళ్ళు లేవు. మరిచిపోయానని చెప్పలేను. మరిచిపోవాలంటే ముందు గుర్తుండాలి. నీళ్ళ క్యాను ఎప్పుడూ చెంగల్రాయుడే తెచ్చేవాడు. దాన్ని ఒకరు మోస్తేనే వస్తుందన్న సంగతి పద్దెనిమిదేళ్ళలో నా తలకెక్కలేదు.

మాను నడుము వంగి, రెండు కూసాల మధ్య తీగలను కిందికి తొక్కి పడి ఉంది. నేను పైనుంచి కోత పెట్టాను. సగం తెగేసరికి మాను కుంగి, కోత మూసుకుపోయి, పలకను గట్టిగా పట్టేసింది. ఇద్దరు ఉంటే ఒకరు రంపం పట్టుకుంటారు, ఇంకొకరు కోతలో చీల కొడతారు. నాకు ఉండేది రెండు చేతులు, రెండూ రంపం మీద ఉన్నాయి. రంపం వదిలి గొడ్డలి కోసం వంగాను. మాను కొంచెం కదిలింది. కింద నొక్కుకుపోయిన పై తీగ ఎగిరి నా పిక్కను చీల్చింది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

తలగుడ్డ కాలికి కట్టుకుని కాసేపు అరిచాను. ఎవరినో పిలుద్దామని కాదు. "అన్నా" అని నోటికి అలవాటైన మాట అది, వచ్చేసింది.

కొత్త రంపాన్ని మానులోనే వదిలేసి కుంటుకుంటూ దిగాను. మనుషుల్ని పోగుచేసుకుని తిరిగి పోవడానికి మూడో రోజైంది. ఈలోపల కంచె సందులోంచి పందులు దిగి మునెమ్మ చేనంతా తవ్విపోసుకున్నాయి. ఆమె ఆఫీసు వాకిట్లోకి వచ్చి, గుమాస్తాను కాదు, ఆఫీసరును కాదు, నన్నే అడిగింది.

"మోటారు తెచ్చినారంటనే? దేనికి నాయనా, పందులకు దోవ కొయ్యనీకా?"



మండీలో తూకం

చెంగల్రాయుడు అప్పటికి చిత్తూరు బెల్లం మండీలో మోత పనికి కుదిరాడు. కాటా దగ్గర దిమ్మెలు ఎక్కించి దించేది ఆయన పని. నలభై అయిదు దాటిన మనిషి. కాలు మానాక నేను కొండకు తీసుకుపోయిన సామానంతా మూట కట్టి, బస్సు టాపు మీద వేసుకుని మండీకి పోయాను.

"ఏమప్పా పంతులూ, బెల్లం తెచ్చినావా?"

"బరువు తెచ్చినాన్నా. కాటా మింద పెట్టు."

ఆయన మూట విప్పి ఒక్కొక్కటే చూశాడు. రంపంలో పెట్రోలు ఉందో లేదో ఊపి చూశాడు. నా కాలి మీది గీతను కూడా చూశాడు. అన్నీ కాటా మీదికి ఎక్కించి, మండీ అలవాటు కొద్దీ, "లాభం!" అని అరిచాడు. మండీలో మొదటి తూకాన్ని ఒకటి అనరు, లాభం అంటారు.

"ఎవురికన్నా లాభం?" అన్నాను.

"అది రాసినోడు సెప్పాల." ముల్లు నిలబడేదాకా ఆగాడు. "ఇరవై రెండున్నర. ఏమప్పా, ఆరని గదా రాసినావు. తక్కిందంతా యాడ దాసిపెట్నావు?"

"నువ్వు లేకుండా కాదన్నా."

"నేనొస్తే బరువు తగ్గుతాదా?"

"తగ్గదు. సగమవుతాది."

ఆయన మండీ గుమాస్తా చేత చీటీ రాయించి, మడిచి నా జేబులో పెట్టాడు. అవతల దిమ్మెలు ఎదురుచూస్తున్నాయని వెళ్ళిపోయాడు.

చెంగల్రాయుణ్ణి మళ్ళీ పెట్టుకోమని ఇంకో కాగితం రాసి, ఆ చీటీని దానికి గుచ్చి ఆఫీసరు ముందు పెట్టాను.

"మొన్న ఆరు అన్నావు, ఇప్పుడు ఇరవై రెండున్నర అంటావు. రంపం ఏమన్నా పెరిగిందా?"

"పెరగలేదు సార్. నేనే తప్పు రాసినా."

ఆయన గుమాస్తాను పిలిచి చీమల అక్షరాలు చదివించాడు. పలక, గొలుసు, పెట్రోలు, నూనె లేకుండా, అని ఉంది. ఆయన కూడా అంతకు ముందు దాన్ని చదవలేదు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. చదువు రాని నేనూ, బాగా వచ్చిన ఆయనా, ఒకే చోట ఆగిపోయాం.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. పది రోజుల తర్వాత ఆయన ఏడో మైలుకు నడిచి వచ్చాడు. బూట్లు పాడయ్యాయి. రెండుచోట్ల కూర్చున్నాడు. దిగాక చెంగల్రాయుడి పేరు మళ్ళీ మస్టర్లో ఎక్కించాడు. మొత్తం నాలుగు నెలలు పట్టింది. నేను చూసిన ఆఫీసర్లలో మా నడక నడిచినవాడు ఆయన ఒక్కడే.

నేను కబురు చెప్పడానికి పోతే చెంగల్రాయుడు వెంటనే ఒప్పుకోలేదు.

"ఒకతూరి రాసి తీసేసినావు. ఒకతూరి రాసి పెట్టినావు. మూడోతూరి ఏం రాస్తావో?"

"ఏం రాయనన్నా."

"రాయకుండా ఉండలేవు నువ్వు. రాసుకో. నా గురించి ఏం రాసినా ముందు నాకు సదివి ఇనిపియ్యాల. అంతే."

అప్పటినుంచి నేను పని మానేదాకా, చిన్న అర్జీ అయినా ముందు ఆయనకు చదివి వినిపించాకే ఇచ్చాను.

ఇప్పటివాళ్ళకు

చిన్న రంపమే కొనండి. ఆనాడు నేను రాసిన మూడు వాక్యాల్లో మొదటిది నిజం. ఆ చిన్న రంపం మా దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసింది. పెద్దది కొని ఉంటే ఆఫీసు గదిలో కూర్చుని ఏటా విభూతి పెట్టించుకునేది. రెండోది అమ్మినవాడి నిజం. మూడోది ఎవరి నిజమూ కాదు.

కొనేముందు పలక బిగించి, అన్నీ నింపించి, భుజాన వేసుకుని ఒక మెట్టదారి ఎక్కి దిగండి. అమ్మేవాణ్ణి కూడా ఎక్కమనండి. వంగిన మానును పైనుంచి కొయ్యకండి. తెలియని అక్షరం ఉంటే అడగండి. అడిగినందుకు ఎవరూ మస్టర్లోంచి పేరు తియ్యరు.

ఇదంతా రాసి, మాట ప్రకారం చెంగల్రాయుడికి చదివి వినిపించాను. ఇప్పుడు ఆయనకు చెవి మందం. గట్టిగా చదివితే వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి విన్నారు. విభూతి దగ్గర నవ్వాడు. తన నోరు దుడుకు అన్నచోట ఒప్పుకోలేదు. చివరిదాకా విని, "ఇరవై రెండున్నర అని రాసినావే" అన్నాడు.

"మండీ చీటీలో అదే ఉండాది గదన్నా."

"చీటీలో ఉండాది సరే. ఆ పొద్దు నువ్వు కాటా మింద నీళ్ళు పెట్టలా. తొమ్మిదేళ్ళు ఆ రంపంతో పాటు నీళ్ళ క్యాను ఎవురు మోసినారు? దప్పికైందని రాసుకున్నావు. నీళ్ళ బరువు రాసుకోలేదు."

అయిదు లీటర్ల క్యాను. అయిదు కిలోలు. కొట్టేసి దిద్దబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టెయ్యొద్దు. తప్పు అట్లే ఉండనీ. కింద రాయి."

కింద రాస్తున్నాను. నీళ్ళతో కలిపి ఇరవై ఏడున్నర కిలోలు. ఇద్దరు మనుషులు కావాలి.